కైకలూరు నుంచి మూడుసార్లు వచ్చిన లాప్‌టాప్

2008 వేసవి. ఏలూరు పవర్‌పేటలో నేను కంప్యూటర్ సర్వీస్ షాపు పెట్టి అప్పటికి ఆరేళ్లయింది. షాపంటే ఒక్క గది, పొడవాటి బల్ల, గోడకి ఒక ఏసీ. మా నాన్నగారిది హైవే పక్కన లారీ రేడియేటర్లు బాగుచేసే షెడ్డు. నన్నూ అందులోనే పెట్టాలని ఆయనకి ఉండేది. నేను డిప్లొమా చేసి ఇటు వచ్చేశాను. కంప్యూటర్ల గురించి నాన్నని అడగాల్సింది ఏమీ ఉండదని ఆ రోజుల్లో నా నమ్మకం.

అప్పట్లో మా దగ్గరికి ఎక్కువగా డెస్క్‌టాప్‌లే వచ్చేవి. లాప్‌టాప్‌లు తక్కువ, అందులో సన్నటివి మరీ అరుదు. ఆ ఏప్రిల్‌లో ఒకావిడ గుడ్డసంచిలోంచి వేలు మందాన ఉన్న లాప్‌టాప్ తీసి బల్ల మీద పెడితే, ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి ముచ్చటగా చూసుకున్నాను.

ఆవిడ పేరు నాగమణి. ముప్పై ఏళ్లుంటాయి. మండవల్లి దగ్గర ఊరు. ఫిషరీస్ చదువుకుని కైకలూరులో ఒక గది తీసుకుని, చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న లాబ్ నడుపుతున్నారు.

“ఏవండీ, ఇది వాడుతుండగానే ఠక్కున ఆగిపోతోందండీ. కాసేపాగి నొక్కితే మళ్లీ వస్తోంది,” అన్నారు.

చెప్పిన తీరునిబట్టే అది థర్మల్ షట్‌డౌన్ అని తెలిసిపోయింది. లోపలి వేడి హద్దు దాటితే చిప్‌లు కాలిపోకుండా మెషీన్ తనంతట తానే ఆగిపోవడం అన్నమాట. లాప్‌టాప్‌లో ప్రాసెసర్ మీద ఒక రాగి గొట్టం ఉంటుంది, దాన్ని హీట్ పైప్ అంటాం. అది వేడిని మోసుకెళ్లి అంచున ఉన్న సన్నటి లోహపు రెక్కలకి ఇస్తుంది. పక్కనున్న చిన్న ఫ్యాన్ ఆ రెక్కల మధ్య నుంచి గాలి తోసి వేడిని బయటికి పంపుతుంది. లావుపాటి లాప్‌టాప్‌లో ఇవన్నీ కాస్త విశాలంగా ఉంటాయి. సన్నటిదానిలో ఫ్యాన్ బిళ్లంత, రెక్కల మధ్య సందు కాగితమంత. ఎక్కడ ఏ కొంచెం అడ్డుపడినా వేడికి వేరే దారి లేదు.

బ్లోయర్‌తో బయటి కన్నాల్లోంచి గట్టిగా గాలి కొట్టాను. కొంత దుమ్ము లేచింది. రెండు గంటలు నడిపి చూస్తే ఆగలేదు. ఇచ్చేశాను.

పన్నెండు రోజులకి నాగమణి గారు మళ్లీ వచ్చారు, అదే ఇబ్బందితో. ఈసారి అడుగు విప్పి, థర్మల్ పేస్ట్ మార్చాను. ప్రాసెసర్‌కీ రాగికీ మధ్య గాలి లేకుండా పూసే బూడిదరంగు ముద్ద అది. ఎండిపోతే వేడి సరిగ్గా పైకి ఎక్కదు. ఫ్యాన్ తిప్పి చూశాను, బాగానే తిరుగుతోంది. నా బల్ల మీద, నా ఏసీ కింద సాయంత్రం దాకా చక్కగా నడిచింది.

తీసుకెళుతూ ఆవిడ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీశారు.

“ఎప్పుడెప్పుడు ఆగిందో రాసి పెట్టానండీ. మీకేమన్నా పనికొస్తుందేమో.”

“అవన్నీ అక్కర్లేదండీ. ఏం జరిగిందో మెషీనే చెబుతుంది,” అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. “మీ దగ్గర వోల్టేజీ సరిగ్గా ఉండదనుకుంటా. ఎండలో కూడా పెడుతున్నారేమో చూసుకోండి,” అని కూడా అన్నాను.

“ఎండలో పెట్టనండీ. గదిలోనే ఉంటుంది,” అని మెల్లగా చెప్పి, పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ పుస్తకం అప్పుడే తెరిచి చూసుంటే తరువాత జరిగినదంతా తప్పేది.

మూడోసారి ఒక గురువారం పొద్దున్న నేను షట్టర్ ఎత్తేసరికే ఆవిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. లాప్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. వేరే మానిటర్ తగిలించినా నలుపే. గ్రాఫిక్స్ చిప్ పోయింది. తెర మీద బొమ్మ పుట్టించేది అదే. దాని అడుగున ఆవగింజల్లాంటి సీసపు అతుకులు వందలు ఉంటాయి. రోజూ బాగా కాగి, మళ్లీ చల్లారి, మళ్లీ కాగితే అవి సాగి ముడుచుకుని చివరికి చిట్లుతాయి. తీగని ఒకే చోట పదేపదే వంచితే తెగిపోయినట్టే. ఒక్క రోజులో జరిగేది కాదది. నేను ‘బాగుంది’ అని చెప్పి పంపిన రెండుసార్లూ లోపల జరుగుతున్నది అదే.

ఆవిడకి చెప్పాను.

“ఆదివారం మా రైతులు వస్తున్నారండీ,” అన్నారు. “నాలుగేళ్ల రీడింగులు ఇందులోనే ఉన్నాయి. మబ్బు పట్టినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ ఎంత పడిపోతోందో, ఏ చెరువులో ఎక్కువ పడుతోందో గీతలు గీసి చూపిద్దామనుకున్నాను. నిరుడు ఒక్క తెల్లవారుజామున మూడు చెరువుల్లో చేప మొత్తం చచ్చి తేలిపోయింది. ముందుగానే చెప్పానండీ. ఆడపిల్ల, గట్టు మీద నిలబడి సీసాలు ఊపుతుంది, దీనికేం తెలుసు అనుకున్నారు. ఈసారి కళ్లకి కనపడేలా చూపిస్తే వింటారని ఆశ.”

కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది. ఆవిడ కోప్పడలేదు.

“ఆ పుస్తకం తెచ్చారాండీ?” అని అడిగాను. అడగడానికి సిగ్గేసింది.

ఆవిడ వరసగా రాశారు. తేదీ, గదిలో వేడి ఎంత, మెషీన్ ఎంతసేపు నడిచి ఆగింది. నేను పేస్ట్ మార్చి ఇచ్చిన మర్నాడు నాలుగు గంటలు నడిచింది. తరువాతి రోజు మూడున్నర. ఆ తరువాత మూడు. అలా తగ్గుతూ తగ్గుతూ తొమ్మిదో రోజుకి ఇరవై నిమిషాలు. మధ్యలో ఒక రోజు వాన పడి గది చల్లబడింది. ఆ రోజూ ఆగింది, ముందు రోజుకన్నా త్వరగానే. గది వేడే కారణమైతే వాన రోజు ఎక్కువసేపు నడవాలి. వోల్టేజీ అయితే ఇంత వరసగా తగ్గదు. లోపల ఏదో రోజురోజుకీ నిండుతోంది. నేనేమో బయటినుంచి ఊది, కొంచెం కదిలించి పంపేస్తున్నాను.

హీట్ పైప్, రెక్కలు, ఫ్యాన్ కలిసున్న ముక్కని ఊడదీశాను. పైకి శుభ్రంగానే కనిపించింది. ఏం చేయాలో తోచక, ఆవిడని షాపులో కూర్చోమని, దాన్ని జేబులో వేసుకుని నాన్న షెడ్డుకి వెళ్లాను. ఆయన ఒక లారీ రేడియేటర్‌ని ఇటుకల మీద నిలబెట్టి పని చేసుకుంటున్నారు.

“ఇదేమిట్రా, ఇది కూడా రేడియేటరేనా? ఇంత బుల్లిదా!” అని నవ్వి, దాన్ని ఎండకి ఎత్తి పట్టి ఒక కన్ను మూసుకుని చూశారు. “వెలుతురు రావడంలేదురా. రెక్కల మధ్య మట్టి బయటికి కనపడదు. వెలుగుకి పట్టి చూడాలి. ఫ్యాన్ మూత తియ్యి.”

ఫ్యాన్ మీదున్న పల్చటి రేకుమూతకి నాలుగు చిన్న స్క్రూలు. అప్పటిదాకా వాటిని విప్పాలని నాకు తోచనే లేదు. విప్పితే, ఫ్యాన్‌కీ రెక్కలకీ మధ్య గోధుమరంగు పట్టీ ఒకటి, కంబళి ముక్కలా దట్టంగా పేరుకుని ఉంది. నాన్న దాన్ని గోటితో గీకి వాసన చూశారు.

“తవుడు. తేమ తగిలి గట్టిపడింది. తవుడు తోలే బళ్లన్నిటికీ ఇదే జబ్బు.”

తిరిగొచ్చి నాగమణి గారికి ఆ పట్టీ చూపిస్తే ఆవిడ నోటి మీద చెయ్యేసుకున్నారు. “మా గది పక్కనే మేత గొడౌనండీ! చేపలకి వేసేది తవుడే.”

చిప్‌ని వేడిగాలితో కాచి అతుకులు తాత్కాలికంగా కలిపే పద్ధతి ఒకటుంది, రీఫ్లో అంటారు. విజయవాడలో చేసేవాళ్లున్నారు. కానీ అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ మాట దాచకుండా చెప్పాను. ముందు రీడింగులు దక్కించుకోవాలి. చిక్కేమిటంటే, ఆ సన్నటి లాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ కూడా బుల్లిదే. నా దగ్గరున్న కేబుళ్లేవీ దానికి పట్టలేదు. శుక్రవారం పాసింజర్‌లో విజయవాడ వెళ్లి, నాలుగు షాపులు తిరిగి సరిపోయే కనెక్టర్ తెచ్చాను. ఆ డిస్క్ కూడా అన్నాళ్లూ అదే వేడిలో ఉడికింది. ఫైలు తరువాత ఫైలు కాపీ అవుతుంటే ఒక్కోదాన్నీ తెరిచి చూసుకుంటూ కూర్చున్నాను. ఆఖరి పదిహేను రోజులవి తప్ప అన్నీ వచ్చాయి. ఆ పదిహేను రోజులవి కాగితాల మీద ఉన్నాయని, శనివారం నాగమణి గారు వచ్చి నా డెస్క్‌టాప్‌లో కూర్చుని తిరిగి ఎక్కించారు.

ఆదివారం అదే డెస్క్‌టాప్‌ని, మానిటర్‌తో సహా, కొల్లేరు మీదుగా వెళ్లే బస్సులో ఒళ్లో పెట్టుకుని కైకలూరు తీసుకెళ్లాను. నా పని అయిపోయింది, ఆవిడే తీసుకెళ్లచ్చు. కానీ ఆ గది నేను చూడాలి.

చూశాను. కిటికీకి అవతల గొడౌన్‌లో తవుడు బస్తాలు దులుపుతున్నారు. ఎండలో ఆ పొడి పొగలా తేలి లోపలికి వస్తోంది. చెరువుల మీది తేమ సరేసరి. బల్ల మీద లాప్‌టాప్ ఉండే చోట నాలుగు మడతలు పెట్టిన మెత్తటి తువ్వాలు.

“ఇదెందుకండీ?”

“గీతలు పడకుండా అండీ. జారిపోకుండా కూడా.”

గాలి పీల్చుకునే కన్నాలు దాని అడుగునే ఉంటాయి. ఆవిడ ప్రేమగా పరిచిన తువ్వాలు ఆ కన్నాలని మూసేసింది. మొదటిసారి వచ్చినప్పుడే ‘దీన్ని దేని మీద పెడతారండీ’ అని ఒక్క మాట నేను అడగలేదు.

రైతులు పన్నెండు మంది వచ్చారు. అందరిలోకి పెద్ద సుబ్బరాజు గారు. తెరకి ఎదురుగా కుర్చీ లాక్కుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. నాగమణి గారు ఒక్కో చెరువు గీత చూపిస్తూ, తినక మిగిలిన మేత కుళ్లి నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుందని చెప్పారు. మబ్బు రోజుల్లో కూడా ఎప్పటిలాగే మేత వేసిన చెరువుల్లో తెల్లవారేసరికి గీత బాగా కిందికి పోయింది. తగ్గించిన చోట నిలబడింది.

సుబ్బరాజు గారు చాలాసేపు చూశారు. “ఈ అడుగున పడిపోయింది మాదేనా అమ్మా?”

“మీదేనండీ. నిరుడు చేప తేలిన రోజు.”

ఆయన తల ఊపారు. “మబ్బు పడితే మేత తగ్గించాలని మా నాన్నా అనేవాడు. ఎంత తగ్గించాలో ఆయనకీ తెలీదు. నువ్వు చెప్పమ్మా, ఎంత తగ్గించమంటావు?”

ఆ ‘చెప్పమ్మా’ విన్నప్పుడు నాగమణి గారి ముఖం నేను మరిచిపోలేదు. సగానికి తగ్గించమన్నారు, నీళ్లకి గాలి తగిలేలా తోడి చిమ్మే ఇంజన్లు రాత్రుళ్లు సిద్ధంగా ఉంచుకోమన్నారు. రాసుకోవడానికి ఎవరో కాగితం అడిగారు.

మే నెలలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే షాపుకి నాగమణి గారి ఫోనొచ్చింది. “రఫీ గారూ, చేప నిలబడిందండీ. అన్ని చెరువుల్లోనూ,” అన్నారు.

లాప్‌టాప్‌కి హైదరాబాద్ నుంచి వేరే మదర్‌బోర్డు, అంటే చిప్‌లన్నీ అతికి ఉండే పలక, తెప్పించి వేశాను. అది రావడానికి మూడు వారాలు పట్టింది. అడుగున గాలి ఆడేలా కాళ్లున్న చెక్క బల్ల ఒకటి వడ్రంగి చేత చేయించాను. నెలకోసారి ఫ్యాన్ మూత ఎలా తీసి తుడవాలో ఆవిడకే నేర్పాను. ఆవిడ తన లాబ్‌ని గొడౌన్‌కి దూరంగా వేరే గదిలోకి మార్చుకున్నారు. ఆ మెషీన్ ఆ తరువాత ఇంకో ఆరేళ్లు, ఒక్కసారి కూడా వేడెక్కి ఆగకుండా పనిచేసింది.

బాగుచేసిన లాప్‌టాప్ తీసుకోవడానికి వచ్చిన రోజున ఆవిడకి క్షమాపణ చెప్పాను. “ఆ రోజు మీదే తప్పన్నట్టు మాట్లాడానండీ. తప్పు నాది.”

ఆవిడ నవ్వారు. “మాకూ రోజూ ఎవరో ఒకరు సీసాలో నీళ్లు పట్టుకొస్తారండీ, చూసి చెప్పమని. సీసా చూసి సగమే చెప్పగలం. మిగతా సగం గట్టు మీదికి వెళితేనే తెలుస్తుంది. మీరు వచ్చారు కదండీ.”

ఈ పనిలో నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. అంత మర్యాదగా చెప్పినవాళ్లు మాత్రం ఆవిడ ఒక్కరే. ఇప్పుడు ఎవరు లాప్‌టాప్ తెచ్చినా వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోను. ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, అది ఎక్కడుంటుందో, పక్కన ఏముందో అడుగుతాను. వాళ్లు చెప్పేది చివరిదాకా వింటాను.