యారాడ మలుపులో ఆమె ముఖం

వన్ టౌన్‌లో మా స్టూడియో ఉన్న సందులో ఆటో తిరగదు. అయినా నలుపు తెలుపు ఫొటో కావాలనుకున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ఫొటోలు తీయడం, చీకటిగదిలో ఫిల్మ్ కడిగి ప్రింట్లు వేయడం నా పని. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లో భద్రపరచడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం నా స్నేహితుడి పని. ఇద్దరం ఒకే వీధిలో పెరిగాం. మా అమ్మ చనిపోయినప్పుడు నాకంటే ముందు ఏడ్చినవాడు. నేను తీసిన ప్రతి బొమ్మా వాడి చేతిమీదుగా వెళ్లేది. ఎక్కడికి వెళ్తోందని ఎప్పుడూ అడగలేదు.

సముద్రం ఒడ్డున యారాడలో చేపలు ఎండబెట్టే ఒక పెద్దామె ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, ఎదుటివాడు నిజం చెబుతున్నాడో లేదో తూచుతున్నట్టు చూసేది. ఆ చూపు కోసం ఆమె చుట్టూ చాలాకాలం తిరిగాను.

“నా మొకం నీకెందుకు బాబూ? అమ్ముకుంతావేటి?” అంది ఒకసారి.

“అమ్మనమ్మా. ఒకటి నీకు, ఒకటి నా కొట్టు గోడకి. ఇంకెక్కడికీ వెల్లదు.”

చివరికి ఒప్పుకుంది. గుమ్మం పక్కన కూర్చోబెట్టాను. వెలుగు ఒక చెంపమీదే పడుతోంది, రెండో చెంప ఇంటి చీకట్లో ఉంది. నేనెవరినీ నవ్వమనను. ఆమె కెమెరా ఉందన్న సంగతి మరిచేదాకా ఊరుకున్నాను. లోపల్నించి మనవరాలు ఏదో అడిగింది. జవాబు చెప్పబోతూ ఆమె ఇటు చూసిన క్షణంలో నొక్కాను.

ఎర్రలైటు కింద, మందునీళ్ల ట్రేలో, తెల్ల కాగితం మీద ముందు కనుపాపలు తేలాయి. ఇన్నేళ్లలో నేను తీసినవాటిలో అంతకంటే మంచి బొమ్మ లేదు. ఫ్రేము కట్టించి ఇస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసుకుంది. భర్త ఫొటో పక్కనే తగిలించుకుంది.

ఆ తర్వాత ఒడ్డున రిసార్టు కడతామని ఒక కంపెనీ వచ్చింది. చేపలు ఆరబోసే ఇసుక చుట్టూ కంచె వేస్తారని ఊరంతా ఎదురుతిరిగింది. ఒకరోజు పొద్దున్నే బండిమీద అటు వెళ్తుంటే, ఊరి మలుపులో పెద్ద హోర్డింగు. దానిమీద ఆమె ముఖం. నా ఫొటోయే. బొట్టుకు మాత్రం ఎర్రరంగు పులిమారు. కింద, ‘మా ఊరు మిమ్మల్ని పిలుస్తోంది’ అని రిసార్టు ప్రకటన.

ఆమె ఇంటికి వెళ్తే లోపలికి రమ్మనలేదు.

“కంపెనీవోళ్లతో కలిసిపోనానని ఊరంతా నాతో మాటాడ్డం మానేసినారు. అమ్మనన్నావు కదా బాబూ.”

“నాను ఇవ్వలేదమ్మా.”

“నువ్వు కాపోతే ఇంకెవులు తీసినారు నా పొటో?”

స్టూడియోకొచ్చి నా స్నేహితుణ్ణి అడిగాను. వాడు దాచలేదు. కంప్యూటర్ ముందు నుంచి లేవను కూడా లేవలేదు.

“కంపెనీవోళ్లు ఊరి మొకం ఒకటి కావాలి, డబ్బులిత్తామన్నారు బావా, ఇచ్చినాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు. అందుకే సెప్పలేదు.”

వాడి కుర్చీని నావైపు తిప్పాను. పొరపాటున చేశానంటే నమ్మడానికి సిద్ధపడే వెళ్లాను.

“ఆమె ఊళ్లో తలెత్తుకోలేకపోతంది రా.”

“నాల్రోజులు పోతే మర్సిపోతారు బావా.”

మర్నాడు ఊరి పెద్దల ముందుకొచ్చి తానే ఇచ్చానని చెప్పమన్నాను. సరేనన్నాడు. మర్నాడు మలుపులో, ఆ హోర్డింగు కిందే బండి ఆపుకుని ఎదురుచూశాను. ఎండెక్కింది. వాడు రాలేదు. ఫోను స్విచ్ఛాఫ్.

ఒక్కణ్ణే వెళ్లి జరిగింది చెప్పాను. కొందరు నమ్మారు. వల బాగుచేసుకుంటున్న ఒకతను తలెత్తకుండానే అన్నాడు: “మీరిద్దరూ ఒక కొట్టోళ్లే కదా. ఎవులిత్తే మాకేటి?” ఆ సాయంత్రమే కుర్రాళ్లు ఆ ఫ్లెక్సీ చింపేశారు. ఆడవాళ్లు మెల్లగా మళ్లీ ఆమెను పలకరించడం మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు ఆమె తువ్వాలులో చుట్టిన ఫ్రేము తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నీ మీద కోపం లేదు బాబూ. దీన్ని సూత్తే ఆ బోర్డే గుర్తొత్తంది.”

నా స్నేహితుడు ఇప్పుడు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ కార్మికుల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీస్తున్నాడని విన్నాను. స్టూడియోకు మళ్లీ రాలేదు, నేనూ పిలవలేదు. ప్రింట్లు స్కాన్ చేయించడం మానేశాను.

యారాడ వెళ్తుంటాను. ఆమె దగ్గరే ఎండుచేపలు కొంటాను. కబుర్లు చెబుతుంది, మధ్యలో అలాగే ఆగి చూస్తుంది. కెమెరా మాత్రం ఇంట్లో వదిలి వెళ్తాను.