తెర మీద ఊరి పేరు

ఫోను మోగితే ప్రేమదాసు ముందు లారీ వేగం తగ్గిస్తాడు. తర్వాత పక్క అద్దంలో వెనక్కి చూస్తాడు, తనని ఎవరో వెంబడిస్తున్నట్టు. ఆ తర్వాతే చొక్కా జేబులోంచి ఫోను తీస్తాడు.

"ఎక్కడున్నావురా?"

"నందిగామ దాటానండి."

"దాటావా? తెర మీద ఏముందో చదువు."

ప్రేమదాసుకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు మాత్రం వచ్చు. లారీల నంబరు ప్లేట్లు చూసి చూసి వచ్చిన అక్షరాలవి. వాటినే ఒక్కొక్కటిగా పలుకుతాడు. "కె... ఎ... ఎన్... సి..."

"సరే సరే, కంచికచర్ల. పోనీ."

అంతే, పెట్టేస్తారు. బండి ఎలా ఉంది, తిన్నావా, ఎండగా ఉందా, ఇవేవీ ఉండవు. ఇదివరకు ఉండేవి.

జగన్నాథరావుగారికి జగ్గయ్యపేటలో రెండు లారీలున్నాయి. ముక్త్యాల ఫ్యాక్టరీలో సిమెంటు ఎత్తి బెజవాడ దాకా దింపడం వాటి పని. ఒకదాని మీద ప్రేమదాసు, రెండోదాని మీద రాంబాబు. రాంబాబు రావుగారికి అన్న వరస వాళ్ళబ్బాయి. ప్రేమదాసు పేట చివర పల్లెలో, చర్చి పక్క సందులో ఉంటాడు. తొంభైలలో క్లీనరుగా ఎక్కి, అదే బండి మీద డ్రైవరయ్యాడు. ఆ రోజుల్లో బండి షెడ్డు దాటి బయటికి పోయిందంటే మళ్ళీ వచ్చేదాకా ఓనరుకు ఉన్న ఆధారం డ్రైవరు మాటే. టైరు పేలితే ఎదురొచ్చే లారీవాడితో కబురు పంపేవాడు ప్రేమదాసు. వాడు నందిగామ టీ కొట్లో చెప్పేవాడు, టీ కొట్టాయన పేట వెళ్ళే ఇంకో బండికి చెప్పేవాడు. కబురు చేరేసరికి పొద్దు గూకేది. అయినా రావుగారు, "ప్రేమదాసు బండి గదా, వస్తుందిలే" అని పడక కుర్చీలో నడుం వాల్చేవారు. ఆ మాట ఎవరో చెబితే ప్రేమదాసు వారం రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

ఫోను రెండువేల మూడులో వచ్చింది. రావుగారే కొని చేతిలో పెట్టారు. ఆ ఆదివారం చర్చిలో పాట సగంలో ఉండగా అది మోగితే పాస్టరుగారు కూడా కోప్పడలేదు. అందరూ బయటికొచ్చి చుట్టూ మూగి చూశారు. రత్తమ్మ అయితే, "మా ఆయనకి ఫోనిచ్చారు, నమ్మకం ఉండబట్టే గదా" అని సందు సందంతా చెప్పుకుంది.

కొన్నాళ్ళకు రావుగారికి ఫోన్ల షాపువాడు ఒక కిటుకు చెప్పాడు. ఫోనులో ఏదో నొక్కితే, మనిషి ఏ టవరు కింద ఉంటే ఆ ఊరి పేరు తెర మీద పడుతుంది. "ఇంక మీ డ్రైవరు చిల్లకల్లులో కూర్చుని బెజవాడలో ఉన్నానని కోతలు కోయలేడండి" అన్నాడట. రావుగారు ప్రేమదాసు ఫోను తీసుకుని, నొక్కించి, తిరిగి ఇస్తూ ఒకటే మాటన్నారు: "ఇది అందరికీ రూలే. నీ ఒక్కడికే అనుకోమాక."

అందరికీ రూలైతే బాధేముంది అనుకున్నాడు ప్రేమదాసు. క్లీనరును మాన్పించినప్పుడూ అలాగే అనుకున్నాడు. "ఫోనుందిగా, ఇంక తోడెందుకు?" అన్నారు రావుగారు. పాడైన బండి కనబడితే ఆగి తాడు కట్టి లాగడం లారీవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అదీ పోయింది. ఆగితే తెర మీద ఊరు మారదు. ఊరు మారకపోతే ప్రశ్న వస్తుంది. నందిగామలో అక్క ఇంటి ముందు నుంచే రోజూ పోతాడు. ఆగి మంచినీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో. ఒకసారి అక్క రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తితే, చూడనట్టు పోనిచ్చాడు.

మనిషి మీద కన్నేసి ఉంచితే వాడి కన్ను కూడా మారుతుంది. ఒక సాయంత్రం ప్రేమదాసు ఇంటికొచ్చేసరికి తాళం వేసి ఉంది. చీకటి పడుతుండగా రత్తమ్మ వచ్చింది, నెత్తి మీద పత్తి గోతం పట్టాతో.

"ఎక్కడికెళ్ళావ్?"

"పత్తి తియ్యటానికి. వత్సవాయి."

"ఎవరి చేలో?"

రత్తమ్మ పట్టా కిందపడేసింది.

"ఎవరెవరున్నారు? ఇంతసేపేంటి? ట్రాక్టరు ఎక్కడ దింపింది?"

"ఏందయ్యో! రావుగారు పూనారా నిన్ను?" అంది రత్తమ్మ. "నా దగ్గర తెరల్లేవు చదవటానికి. కావాలంటే కాళ్ళకి మట్టుంది, చూసుకో ఏ చేలోదో!"

పక్కింటివాళ్ళు నవ్వారు. ప్రేమదాసు నవ్వలేదు. తన నోట్లోంచి వచ్చిన ఆ మాటలు ఎవరివో అతనికి తెలుసు. ఆ గొంతు కూడా తెలుసు.

రెండువేల ఆరు వచ్చేసరికి రావుగారు బండి డీజిలు ఎక్కువ తాగుతోందని గొణగడం మొదలుపెట్టారు. ఇంజను పాతదైపోయిందని ప్రేమదాసు చెబితే, "ఇంజను తాగుతోందో ఇంకెవరు తాగుతున్నారో" అని గాల్లోకి చూస్తూ అన్నారు. రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చే ఫోను గంటకోసారి రావడం మొదలైంది.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు ముక్త్యాలలో లోడు కోసం లైను చాలా పొడుగ్గా ఉంది. లారీలు ఫ్యాక్టరీ గేటు నుంచి కృష్ణ ఒడ్డు దాకా నిలబడ్డాయి. ప్రేమదాసు బండి ఏటి వాలులో ఆగింది. దాని వెనకే రాంబాబు బండి. కాస్త కిందుగా రేవు. ఏరు దాటి అవతలి గుంటూరు జిల్లాలోకి పోవాలంటే అక్కడ బల్లకట్టు ఎక్కాలి. కార్లు, ట్రాక్టర్లు, ఒక్కోసారి ఖాళీ లారీలు కూడా దాని మీదే దాటతాయి.

ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్?"

"ముక్త్యాల లైన్లోనండి. ఇంకా లోపలికి పిలవలేదు."

"చదువు."

ప్రేమదాసు తెర చూశాడు. చూసింది చూసినట్టే పలికాడు. "ఎ... టి... సి... హెచ్... ఎ..."

రావుగారి గొంతు నెమ్మదిగా వచ్చింది, కోపం కంటే ఆ నెమ్మదే ప్రేమదాసును ఎక్కువ భయపెట్టింది. "అచ్చంపేట. ఏటికి అవతల. బల్లకట్టు ఎప్పుడెక్కావురా?"

"నేనెక్కడం ఏంటండి? బండి ఇక్కడే ఉంది. నీళ్ళు కనపడతన్నాయి నాకు."

"నీకు నీళ్ళు కనపడితే సరిపోదు. తెర మీద ఊరు కనపడాలి. డీజిలు ఎవరికి పోసొచ్చావ్ అవతల?"

అబద్ధం చెప్పాలనుకుంటే ప్రేమదాసు వేరే అక్షరాలు పలికేవాడు. జె, ఎ, జి, జి... ముక్త్యాలలో రోజూ పడే జగ్గయ్యపేట అక్షరాలవి, అతనికి నిద్రలో కూడా వచ్చు. నిజం చదివినందుకే దొంగయ్యాడు. ఏటి మీద అడ్డేమీ ఉండదు గనక, అవతలి ఒడ్డు టవరు ఇవతలి ఒడ్డున ఉన్న ఫోన్లను కూడా పట్టేస్తుందన్న సంగతి అతనికీ తెలియదు, రావుగారికీ తెలియదు.

మర్నాడు సాయంత్రం లోడు దింపి పేట చేరగానే రావుగారు చెయ్యి చాపి తాళం అడిగారు. "నిన్న బండి ఫ్యాక్టరీ గేట్లోకి పోయింది చీకటి పడ్డాక. అంతకుముందు ఎక్కడున్నావో తేలేదాకా బండి షెడ్డులో ఉంటది. దొంగబండి నా ఇంటిముందు వద్దు." అక్కడ కూర్చున్న వడ్ల వ్యాపారి ఆ మాట విన్నాడు. తెల్లారేసరికి పేటలో లారీ ఓనర్లందరికీ తెలిసింది. ఇక ఏ ఓనరూ అతనికి స్టీరింగు ఇవ్వడు. డ్రైవరుకు లైసెన్సు ఒక్కటే ఉంటే చాలదు, మాట కూడా ఉండాలి. ఆ మాటే పోయింది.

మూడోరోజో నాలుగోరోజో లారీ స్టాండులో టీ తాగుతుంటే రాంబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు. మంచివాడే. వచ్చేముందు కాస్త తటపటాయించాడు కూడా.

"ఏందన్నా, నిజంగా బల్లకట్టెక్కావా?"

"నీ ముందే గదరా ఉంది నా బండి! నువ్వే గదా నాకు బీడీ ఇచ్చింది!"

"అవును గదా... మరి బాబాయ్ అట్లా అంటాడేంటి?"

"తెర మీద అచ్చంపేటని పడింది. నీ ఫోను మీద పడలా ఆరోజు?"

"పడితే పడుండొచ్చు. నేను చూళ్ళేదు."

"చూడకుండా ఎట్లా చదివావు మరి, రావుగారు అడిగినప్పుడు?"

"చదవటం ఏంటి?" అన్నాడు రాంబాబు.

ప్రేమదాసు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అక్షరాలు. తెర మీద అక్షరాలు చదవమంటారుగా. అందరికీ రూలు గదా."

"నన్నెప్పుడూ అడగలేదన్నా. ఎక్కడున్నావ్ బాబూ అంటాడు, ఫలానా చోటంటా, సరే అంటాడు. అంతే." రాంబాబు నవ్వబోయి ఆగిపోయాడు. ప్రేమదాసు మొహం చూశాక అతనికీ ఏదో అర్థమైంది.

మూడేళ్ళు. మూడేళ్ళుగా రోడ్డు మీద ప్రతి ఊరినీ ఒక్కో అక్షరంగా ఒప్పజెప్పింది తానొక్కడే. యంత్రానికి కులం తెలియదని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. యంత్రానికి తెలియదు, నిజమే. దాన్ని ఎవరి జేబులో పెట్టాలో, ఎవరిచేత చదివించాలో తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు.

ఇద్దరూ కలిసే రావుగారింటికి వెళ్ళారు. వరండాలో రావుగారి ముందు ఒక అట్టపెట్టె ఉంది. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి అమ్మి వెళ్ళారు. బండిలో బిగిస్తే బండి ఎక్కడుందీ, ఎక్కడ ఎంతసేపు ఆగిందీ ఇంట్లో కంప్యూటరులో బొమ్మలా కనిపిస్తుందట.

రాంబాబే మొదలుపెట్టాడు. "బాబాయ్, ప్రేమదాసన్న ఆరోజు కదల్లేదు. నా బండి ఆయన బండి వెనకే ఉంది."

రావుగారు జేబులోంచి తాళం తీసి ముందుకు చాపారు. "నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతా. ఏరా ప్రేమదాసూ, తాళం తీసుకుపో. రేపు మెకానిక్కు వచ్చి ఈ పెట్టె బిగిస్తాడు, అప్పుడు నీకూ నాకూ ఏ గొడవా ఉండదు."

తాళం చేతికి అందేంత దూరంలోనే ఉంది. ప్రేమదాసు దాన్ని చూశాడు. రత్తమ్మ గుర్తొచ్చింది, ఇంట్లో అడుగంటిన బియ్యం గుర్తొచ్చాయి. అయినా చెయ్యి చాపలేదు.

"నేను చెప్పింది నమ్మరు గానీ రాంబాబు చెప్పింది నమ్ముతారాండి? నాకంటే చిన్నోడు, నిన్నగాక మొన్న ఎక్కాడు బండి."

"వాడు మావాడు గదరా."

"అందరికీ రూలన్నారు. వాణ్ణి ఒక్కసారన్నా చదవమన్నారా?"

రావుగారి మొహం ఎర్రబడింది. "నాకు ఎదురు లెక్కలు చెప్తావా?"

"ఈ పెట్టె రెండు బళ్ళకీ పెడతారా, నా బండికొక్కదానికేనా? అది చెప్పండి చాలు. రెండిటికీ అయితే బిగించుకోండి. నా ఒక్కడికే అయితే తాళం మీ దగ్గరే ఉంచుకోండి."

"నా బండికి కూడా పెట్టు బాబాయ్" అన్నాడు రాంబాబు నేలచూపులు చూస్తూ.

"నీకెందుకురా?"

"మరి ఆయనకెందుకు?"

రావుగారు అటూ ఇటూ చూశారు. లోపల్నుంచి టీ కప్పులతో వచ్చిన ఇల్లాలు గుమ్మంలోనే ఆగిపోయింది. చివరికి ఆయన అట్టపెట్టెను కాలితో పక్కకు జరిపి, "దండగ ఖర్చు. ఎవరికీ వద్దులే. పో, తాళం తీస్కో" అని నవ్వారు.

ప్రేమదాసు తాళం తీసుకున్నాడు. దొంగన్న మాటను వడ్ల వ్యాపారిని పిలిపించి అతని ఎదుటే వెనక్కి తీసుకోమని కూడా అడిగాడు. రావుగారు తీసుకున్నారు, "పొరపాటు పడ్డాలే" అని. గెలిచి ఇంటికొచ్చాడు. రత్తమ్మ కోడిని కోసింది.

మర్నాడు ఫోను వచ్చింది. "ఎక్కడున్నావ్?" "చిల్లకల్లు దాటానండి." "సరే." పెట్టేశారు. చదవమనలేదు. ఆ మర్నాడూ అంతే. ప్రేమదాసుకు మొదట హాయిగా ఉంది. నాలుగోనాటికి ఆ "సరే" చెవిలో తిరగడం మొదలుపెట్టింది. ఎందుకు అడగడం లేదు? మనిషి అంత తొందరగా మారతాడా? ఆ నవ్వేంటి, అంత తేలిగ్గా వచ్చింది? బండి షెడ్డులో పడున్న ఆ రోజులన్నీ తాళం ఎవరి చేతిలో ఉంది? ఆ అట్టపెట్టెను రావుగారు కాలితో జరిపితే బంతిలా జారింది. లోపల సరుకున్న పెట్టె అంత తేలిగ్గా జారుతుందా?

అడగని మనిషి తెలుసుకునే ఉండాలి.

అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున, ఇంకా కోళ్ళు కూయకముందే షెడ్డుకు వెళ్ళి, టార్చి నోట్లో కరుచుకుని బండిని వెతకడం మొదలుపెట్టాడు. సీటు కింద, బ్యాటరీ వెనక, క్యాబిను కప్పులో దేవుడి పటం పెట్టే చోట. పెట్టె సబ్బు డబ్బా అంత ఉంటుందని నందిగామలో ఎలక్ట్రిషను చెప్పాడు. ఏమీ దొరికేది కాదు. దొరకకపోతే ఊపిరి పీల్చుకోవాలి. ప్రేమదాసుకు మాత్రం ఇంకా బాగా దాచారనిపించేది. మొన్న చూసిన చోటే మళ్ళీ చూసేవాడు.

ఒకరోజు స్టీరింగు కింద చెయ్యి పెడితే ఒక నల్ల వైరు తగిలింది. ఇన్నేళ్ళలో తాను ఎప్పుడూ చూడని వైరు. కొత్తగా ఉందో, కొత్తగా అనిపించిందో చెప్పడం కష్టం. అది ఎక్కడికి పోతోందో టార్చి వెలుగులో కనిపించలేదు. జేబులోంచి కత్తి తీశాడు. ఒకసారి షెడ్డు తలుపు వైపు చూశాడు. కోసేశాడు.

ఆ పూట ఒళ్ళు తేలికైనట్టయింది. సిమెంటు ఎత్తుకుని హైవే ఎక్కి, నందిగామ దగ్గర అక్క ఇంటి ముందు బండి ఆపుదామా అనుకుంటూ ఉండగా ఎదురుగా గేదెల మంద రోడ్డు మీదికొచ్చింది. హారను మీద చెయ్యి వేశాడు. పలకలేదు. మళ్ళీ కొట్టాడు. బండి మూగదైపోయింది. వెనక బస్సు మీదికొస్తోంది, పక్కన ఆటోలు. ప్రేమదాసు బ్రేకు తొక్కి, కిటికీలోంచి సగం బయటికి వంగి, "హేయ్, తప్పుకోండ్రోయ్!" అని గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపుతోనే, కోసింది ఏ వైరో తెలిసిన మొహంతో, బెజవాడ దాకా పోయాడు.