నూతిలో ఉప్పు పోసిందెవరు?

మొన్న ఉప్పలగుప్తంలో రైతులకు భూగర్భజలాల గురించి చెప్పడానికి వెళ్తే, ఒకావిడ ఇచ్చిన మంచినీళ్లు ఉప్పగా తగిలాయి. వెంటనే సముద్రానికి దగ్గర్లో ఉన్న అల్లవరంలో మా నుయ్యి గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా నూతినీళ్లు ఉన్నట్టుండి ఉప్పనయ్యాయి. అమ్మతో మాటల్లేని పక్కింటి సూరమ్మత్తే ఉప్పు పోస్తోందని గట్టిగా నమ్మాను. ఆదివారం పొద్దున్నే నూతి దగ్గర కాపలా కూర్చున్నాను. అన్నానికి పిలిచినా కదల్లేదు.

సూరమ్మత్త చూసి, "ఎండలో ఏంటే ఇక్కడ?" అంది.

"మీరు ఉప్పు పొయ్యకుండానండి."

ఆవిడ కోప్పడలేదు. వాళ్లింటికి తీసుకెళ్లి వాళ్ల నూతినీళ్లు తాగించింది. అవీ ఉప్పే!

"భూమిలో పైన వాననీరు, దాని కింద సముద్రపు నీరు ఉంటాయమ్మా. మీ మోటారూ మా మోటారూ పొద్దస్తమానూ పైనీళ్లు తోడేస్తుంటే కిందవి పైకొచ్చేస్తాయి. మా నాన్నగారు చెప్పేరు," అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చాను. "అమ్మక్కూడా చెప్పండత్తా," అని పట్టుబట్టాను. అమ్మ మొహం తిప్పుకుంది గాని, చివరిదాకా వింది. "ఆయ్, అయితే రెండిళ్లవాళ్లం వంతులేసుకుని కాసేపే తోడుకుందామండి," అని లేచి మోటారు కట్టేసింది.

శాస్త్రం చదివి ఇన్నేళ్లయినా ఆవిడంత తేలిగ్గా చెప్పడం నాకింకా రాలేదు. వచ్చేదాకా వదలను.