ఫోన్‌లో వచ్చిన పిలుపు

మా వీధిలో సాయంత్రం పూట ఆడవాళ్ళంతా మా ఇంటి మెట్ల మీద చేరి సెల్‌ఫోన్‌ని తిడతారు. తిట్టే ప్రతి మనిషి చేతిలోనూ ఒక సెల్‌ఫోన్ ఉంటుంది. మధ్యలో అది మోగితే పక్కకి వెళ్ళి మాట్లాడి వచ్చి, తిట్టు ఎక్కడ ఆగిందో అక్కడినుంచి అందుకుంటారు.

నేను బ్లౌజులు కుడతాను. మిషను వరండాలోనే ఉంటుంది కాబట్టి ఈ సభకి నేను వెళ్ళనక్కర్లేదు, సభే నా దగ్గరికి వస్తుంది. మిక్సీ వచ్చాక పచ్చళ్ళకి రుచి పోయిందని ఒకావిడ మొదలుపెడుతుంది. ఆవిడ ఇంట్లో రోలు ఉన్న మాట నిజమే. దాని మీద ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టారు. ఫోన్ చూపిస్తే గాని మనవడు ముద్ద మింగడం లేదని ఇంకొకావిడ బాధ. ఆ ఫోన్ పట్టుకుని కూర్చునేది ఎవరమ్మా అని అడిగితే మాట మార్చేస్తుంది.

నా అభిప్రాయాలు వేరు. మిషనుకి మోటారు పెట్టించిన రోజున నా మోకాళ్ళు దానికి దండం పెట్టాయి. కాలితో తొక్కిన కుట్టే గట్టిదని నాతో వాదించేవాళ్ళు ఎప్పుడూ తొక్కి ఎరగరు. కాకపోతే ఈ ఫోన్‌లో బొమ్మల వల్ల నాకూ కొన్ని తిప్పలు లేకపోలేదు. ఆడపిల్లలు ఎవరో సన్నటి పిల్ల ఫొటో తీసుకొచ్చి, వీపు మీద అచ్చం ఇలాగే రావాలంటారు. జాకెట్టు అలాగే వస్తుందమ్మా, వీపు మాత్రం నీదే కదా అని నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. బేరం పోతుంది.

ఈ సభలో ఫోన్‌కి అసలైన శత్రువు మా ఎదురింటి వదిన. నాకంటే చిన్నదే, అయినా ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. కోపమొచ్చినా వదినే, కూర గిన్నె పంపినా వదినే. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి వెళ్ళే కార్లు మా ఊరి మీదుగానే వెళ్తాయి. ఫోన్ చెప్పిన దారిని నమ్ముకుని ఏదో ఒక కారు తెల్లవారేసరికి మా వీధిలోకి దూరుతుంది. మా వీధికి అవతల దారి లేదు, చివర ఉన్నది పశువుల పాక. గేదెలు లేచి చూస్తాయి. కారులోవాళ్ళు గేదెలని ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. ఇలా జరిగిన ప్రతిసారీ వదినకి పండగే. ఫోన్ మాట విన్నవాడికి గేదె దర్శనమే దక్కుతుందని ఆ రోజంతా చెప్పుకుని తిరుగుతుంది.

వదినకి అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఫోన్‌లో వచ్చే పెళ్ళి పిలుపులంటే. మా వైపు పెళ్ళంటే ఇంటి ఆడవాళ్ళు నలుగురు కొత్త చీరలు కట్టుకుని, కుంకుమభరిణె పట్టుకుని, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో ఒక కార్డు పంపి ఊరుకుంటున్నారు.

"బొట్టెట్టకుండా పోన్‌లో కార్డు పడీసి రమ్మంటే అదేటి పిలుపు? కుక్కకి బిస్కట్టిసిరినట్టు," అంటుంది వదిన. అందరూ తలలూపుతారు. నేను మాత్రం మిషను తొక్కనక్కర్లేకపోయినా కాలాడిస్తూ, ఫోన్ పిలుపు మంచిదే అంటాను. ఎందుకు మంచిదో చెప్పను. అందరూ నన్ను మోడరన్ మనిషినని ఆటపట్టిస్తారు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయిన దుఃఖం మెల్లమెల్లగా సర్దుకుంది గానీ, పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే ఈ పిలుపుల బాధ మాత్రం ప్రతిసారీ కొత్తగా వస్తుంది. బొట్టు పెట్టేవాళ్ళు వీధిలోకి వస్తారు. పక్కింటావిడకి పెడతారు, ఆ పక్కావిడకి పెడతారు. మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి భరిణె మూత పడుతుంది. మెట్ల కింద నుంచే, చిన్న గొంతుతో, నువ్వు కూడా రావాలి అంటారు. వాళ్ళది తప్పని నేను అనను. వాళ్ళకీ ఇబ్బందే, ఎటు చూడాలో తెలియక నా మిషను వైపు చూస్తారు. నేను దారం తెగిందని తల దించుకుంటాను. ఇద్దరం కలిసి ఆ నిమిషాన్ని ఎలాగో దాటించేస్తాం.

ఫోన్‌లో కార్డుకి ఈ గొడవ లేదు. అదే వినాయకుడు, అవే నెమళ్ళు, అదే సన్నాయి. ఊళ్ళో పెద్ద పెద్దవాళ్ళకి ఏది వెళ్తుందో నాకూ అదే వస్తుంది. కార్డు పంపిన బొటనవేలికి నా నుదురు సంగతి తెలియదు. సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని కూడా ఉంటుంది. మా ఇంట్లో కుటుంబమూ నేనే, పరివారమూ నేనే. అయినా చదవడానికి బాగుంటుంది. అలాంటి కార్డు వస్తే రెండు మూడుసార్లు తెరిచి ఆ సన్నాయి వింటాను.

ఇదిలా ఉండగా, ఎదురింటి వదిన కూతురికి రోలుగుంట సంబంధం కుదిరింది. ఆ పిల్ల మొదటి గౌను నా చేత్తో కుట్టిందే. స్కూలు యూనిఫాం నేనే, పరికిణీ నేనే. ఇప్పుడు పెళ్ళి జాకెట్లన్నీ కూడా నా మిషను మీదే ఉన్నాయి. సంతోషంతో పాటు నాకొక భయమూ పట్టుకుంది. వేరేవాళ్ళు మెట్ల కింద నుంచి పిలిస్తే నవ్వి ఊరుకోగలను. ఈ వదిన కూడా అలాగే పిలిస్తే? అలా పిలిస్తే ఆ పెళ్ళికి నేను వెళ్ళలేను. వెళ్ళకపోతే ఆ పిల్ల నన్ను జన్మలో క్షమించదు. ఇన్నేళ్ళ స్నేహం ఒక చిటికెడు కుంకుమ దగ్గర తేలిపోతుందని నాకు బెంగ.

అందుకని పెళ్ళికూతుర్ని కొలతలకి పిలిచినప్పుడల్లా, ఈ రోజుల్లో ఫోన్ కార్డులు ఎంత బాగుంటున్నాయో అని మెల్లగా ఎక్కించాను. పిల్ల మంచిది, వెంటనే ఒకటి చేయించింది. తల్లికి చూపించింది. అంతే, వదిన సాయంత్రం సభలో లేచి నిలబడి, తన కూతురి పెళ్ళికి ఒక్క పిలుపు కూడా ఫోన్‌లో వెళ్ళదని, ప్రతి గుమ్మమూ తానే ఎక్కుతానని ప్రకటించింది. మెట్ల మీదవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. నా పథకం నా మెడకే చుట్టుకుంది.

దానికితోడు వదిన వెంట పిలుపులకి వచ్చేది ఆవిడ అత్తగారు. మా వీధిలో ఆచారాలకి ఆవిడే సుప్రీంకోర్టు. ఏ పూట కొబ్బరికాయ కొట్టాలో, ఎవరు ముందు అక్షింతలు వెయ్యాలో, ఆవిడ ఒకసారి చెప్పాక అప్పీలు లేదు. ఆవిడ పక్కనుండగా వదిన మాత్రం ఏం చెయ్యగలదు?

శుక్రవారం పొద్దున్న మా వీధి పిలుపులని ముందురోజే తెలిసింది. నేను బాగా ఆలోచించాను. ఆ పూట నేను ఊళ్ళో లేకపోతే వదిన ఫోన్‌లోనే పిలవాలి. ఫోన్‌లో పిలిస్తే ఎవరికీ బొట్టు ఉండదు, నాకూ ఉండదు. ఎవరికీ లేనిది నాకు లేకపోతే లోటేముంది? నా తెలివికి నేనే మురిసిపోయాను. తెల్లారగానే తాళం వేసి, చెల్లెలికి ఒంట్లో బాగాలేదని పక్కింట్లో చెప్పి, మాకవరపాలెం ఆటో ఎక్కేశాను.

ఒంట్లో బాగాలేని మా చెల్లెలు పెరట్లో మినపబస్తా ఒక్కర్తే మోస్తోంది. సంగతంతా చెప్పాను. విని, నీకు పుట్టిన ఆలోచనలన్నీ ఇలాంటివేనంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆ టీ సగం తాగానో లేదో ఫోన్ మోగింది. వదినే. మామూలు కాల్ కాదు, వీడియో కాల్. కూతురు కలిపి ఇచ్చినట్టుంది.

వదినకి ఫోన్ ఎలా పట్టుకోవాలో తెలియదు. ముందు ఆవిడ ముక్కుపుడక కనిపించింది, తరవాత ఆకాశం, తరవాత కరెంటు తీగలు. ఆ తరవాత మా ఇంటి గేటూ దానికి నేను వేసిన తాళమూ కనిపించాయి. వెనక కొత్త చీరల్లో ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య అత్తగారు. ఎక్కడికి వెళ్ళిపోయావని వదిన నిలదీసింది. మా చెల్లెలికి జ్వరం అన్నాను. నా భుజం మీదుగా చెల్లెలు తల పెట్టి, తనకేమీ లేదనీ బంగారంలా ఉన్నాననీ చెప్పింది. తోడబుట్టినవాళ్ళు ఇందుకే ఉంటారు.

సరే, ఫోన్‌లో పిలిచావు కదా వదినా, నాకు అందినట్టే, నువ్వు మిగతా ఇళ్ళు చూసుకో అన్నాను. గొంతు మామూలుగా ఉండేలా చాలా కష్టపడ్డాను.

"మిగతా ఇళ్ళేటి?" అంది వదిన. "మొదటి బొట్టు నీకెట్టాలనే కదా ఇల్లు కదిలి వొచ్చేను. నీకెట్టకుండా నాను ఇంకో గుమ్మం ఎక్కను."

నా చేతిలో టీ గ్లాసుని చెల్లెలు తీసుకుంది. అటు కొత్త చీరల మధ్య గుసగుస మొదలైంది. ఎవరో ఏదో అడ్డం చెప్పబోయారు. వదిన అత్తగారి గొంతు సవరింపు వినబడింది. నేను భయపడుతూ వచ్చిందంతా ఇప్పుడు, అందరి ముందూ, ఫోన్‌లో పెద్దగా వినబడబోతోందనుకున్నాను. కాల్ తెంపేద్దామని ఎర్ర బటన్ దగ్గరికి వేలు తీసుకెళ్ళాను కూడా.

వదిన అత్తగారి వైపు తిరిగింది. "మనిషికి కాదత్తా, పోన్‌కి ఎడతన్నాను. పోన్‌కేటి ఆచారం ఉంటాది?"

ఆవిడ తలెత్తి పొద్దు ఎంత ఎక్కిందో చూసింది. ఆ తరవాత, రాహుకాలం వచ్చేస్తోందనీ, పెట్టేదేదో బేగి పెట్టమనీ అంది.

వదిన కుంకుమలో వేలు ముంచింది. ఫోన్‌ని ముఖానికెదురుగా ఎత్తి పట్టుకుంది. నన్ను కదలకుండా ఉండమంది. నేను మాకవరపాలెంలో మా చెల్లెలి పెరట్లో, మినపబస్తా పక్కన, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. వదిన ఉంగరపు వేలు దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది, దోసకాయంత అయింది. నా నుదురు వాళ్ళ ఫోన్‌లో పైన, కెమెరా పక్కనే ఉన్నట్టుంది. నా ఫోన్ అంతా ఒక్కసారిగా ఎర్రబడిపోయింది. వదిన లేదు, గేటు లేదు, తాళం లేదు. కొస నుంచి కొస దాకా ఎరుపే.

"పెళ్ళికి రావాలొదినా," అని ఆ ఎరుపులోంచి వినబడింది. వస్తానన్నాను. అన్నానని అనుకుంటున్నాను.

ఆ తరవాత నాకు ఏడుపు వచ్చింది. ఇంత సంతోషంలో ఇంత ఏడుపు ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు. వాళ్ళు నాకు కనబడడం లేదు కాబట్టి నేను కూడా వాళ్ళకి కనబడననే ధైర్యంతో, చంటిపిల్లలా ఏడ్చాను. కుంకుమ పడింది వాళ్ళ కెమెరా మీద, నా కెమెరా శుభ్రంగానే ఉంది, వీధి వీధంతా నిలబడి నన్ను చూస్తోందన్న సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. చెంగు తీసుకుని కళ్ళు తుడుచుకుని, బుగ్గలు తుడుచుకుని, నుదురు దాకా తీసుకెళ్ళాను.

అటునుంచి వదిన అత్తగారు కంగారుగా అడ్డుపడింది.

"ముకం తుడుసుకోకే పిల్లా. బొట్టు సెరిగిపోతాది."