అప్పలసూరి ఫ్లాటు హద్దులు

అప్పలసూరి కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేస్తాడు. పుట్టింది ఉద్దానంలో. వాళ్ళ ఊళ్ళో ఎవరు భూమి కొన్నా నాలుగు పక్కల రైతులనూ పిలుస్తారు. వాళ్ళు వచ్చి ఎవరి గట్టుమీద వాళ్ళు నిలబడతారు. కొనేవాడు నలుగురికీ తాంబూలం ఇస్తాడు. ఆ తర్వాతే కాగితం. అప్పలసూరి ఎంతమంది కోసం అలా నిలబడ్డాడో అతనికే గుర్తులేదు. అతని కోసం ఎవరూ నిలబడలేదు.

2007లో, యాభై రెండో ఏట, అతని వంతు వచ్చింది. కొనేది మాత్రం భూమి కాదు, పన్నెండేళ్ళ నాటి అపార్టుమెంటులో రెండో అంతస్తు ఫ్లాటు. అదేమంత తేడాగా అతనికి అనిపించలేదు.

అతని భార్య కాంతం, ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నప్పుడల్లా సర్దుకుని, పదిహేడేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారిన మనిషి. ఫ్లాటు చూడడానికి వెళ్ళి గదులు చూడలేదు, పైకి చూసింది. కప్పుకు కొత్త సున్నం. సున్నం కింద పచ్చటి మచ్చ, పనసకాయంత.

“పైనోల బాత్రూము కారతంది. ఇది ఆగితే కొందాం. ఆగకపోతే ఏడో అద్దిల్లు సూసుకుందాం,” అంది.

పై ఇంటి జోగారావు రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు. కారుతోందని ఎవరు వెళ్ళినా సగం తలుపే తీసేవాడు. మా ఇంట్లో అంతా పొడిగానే ఉంది అనేవాడు. అది నిజమే.

దస్తావేజు రాసే ఢిల్లీబాబు చిత్తుప్రతి చదివి వినిపించాడు.

“తూర్పు, ఖాళీ ఆకాశం. పడమర, వరండా. ఉత్తరం, మెట్లు. దక్షిణం, పార్వతిగారి ఫ్లాటు.”

“ఆకాశం తరపున ఎవరొత్తారు?” అన్నాడు అప్పలసూరి.

“ఎవరూ రారు మావా.”

“మరి మీదెవరు, కిందెవరు? రాయలేదేటి?”

“అవి హద్దులు కావు. ఎవుడూ రాయడు.”

“నా సేను మీద ఇంకోడు కాపరముంటే ఆడు హద్దు కాడేటి?”

ఢిల్లీబాబు పెన్ను కింద పెట్టాడు.

ఆదివారం పొద్దున్న అప్పలసూరి తెల్ల పంచె కట్టి తలుపులు తట్టాడు. జోగారావు ఎప్పటిలాగే సగం తీశాడు.

“కారుతోందనా?”

“కాదు బాబూ. మీరు నా హద్దు. వచ్చి నిలబడాల.”

జోగారావుది బారువ దగ్గర వరి పండించే కుటుంబం. ముప్పై ఏళ్ళు రైలు చివరి పెట్టెలో తిరిగిన మనిషిని ఇంత మర్యాదగా ఎవరూ పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాడు.

పార్వతి దక్షిణపు గోడను ఆనుకుని నిలబడింది. కింద ఇంటి పైడిరాజు గది మధ్యలో నిలబడ్డాడు, అతని హద్దు నేల కనుక. ఆకాశం కోసం తూర్పు కిటికీ తెరిచారు. జోగారావు హద్దు కప్పు. దానికి ఎక్కడ నిలబడాలో తెలియక, అందరూ చూస్తున్న చోట నిలబడ్డాడు. అది మచ్చ కింద.

తాంబూలం అందుకుంటుండగా ఆయన బట్టతలమీద ఒక చుక్క పడింది. తుడుచుకున్నాడు. ఇంకొకటి పడింది. పైన ఆయన భార్య స్నానం చేస్తోంది. ఎవరూ నవ్వలేదు. పార్వతి మాత్రం తూర్పు హద్దును చూస్తూ ఉండిపోయింది.

“ఇది మాదేనా?” అన్నాడు జోగారావు.

“మీ గట్టు తెగింది బాబూ. నీరు కింద మడిలో పడతంది,” అన్నాడు అప్పలసూరి, చాలా మామూలుగా.

బాత్రూము అంటే జోగారావు వాదించేవాడు. గట్టు అంటే ఏం వాదిస్తాడు? తెగిన గట్టు పైమడివాడే వేసుకోవాలి. పైగా తాంబూలం చేతిలో ఉంది.

మర్నాడు మేస్త్రీ వచ్చి పై స్నానాలగది తవ్వాడు. వారం రోజులు జోగారావు దంపతులు తువ్వాళ్ళు భుజాన వేసుకుని, అప్పలసూరి ఇంకా కొనని ఇంట్లోకి స్నానానికి దిగారు. అమ్మేవాళ్ళు తన దగ్గర ఉంచిన తాళం ఢిల్లీబాబు ఇచ్చాడు.

తొమ్మిదో రోజు కాంతం వచ్చింది. స్టూలెక్కి కప్పుకు అరచెయ్యి ఆనించింది. పొడిగా ఉంది. దిగలేదు.

“ఆయన్ని రెండు బకెట్లు పోసుకోమను,” అంది భర్తతో.

అప్పలసూరి వెళ్ళి చెప్పాడు. పైన నీళ్ళ చప్పుడు. ఒక బకెట్. రెండు. జోగారావు మూడోది కూడా పోసుకున్నాడు, పరువు కోసం కాబోలు. కాంతం చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత దిగి, తడి లేని చేతిని చీరకు తుడుచుకుంది.

“ఢిల్లీబాబుకి సెప్పు, కాగితం రాసీమని. నేనెల్లి ఇంటోలకి సెప్పొత్తాను, ఈసారి మనమే ఖాళీ సేత్తన్నామని.”