పచ్చ స్టిక్కరు అంటించిన వెంటిలేటరు

ఆ బుధవారం మధ్యాహ్నం సెమినార్ గదిలో ఉన్నవాళ్లు: ఎమర్జెన్సీ విభాగానికి కొత్తగా వచ్చిన హెడ్ మేడమ్, ఆమె దగ్గర చదువుతున్న పీజీ డాక్టర్లు నలుగురు, క్యాజువాలిటీ నర్సు ఇన్‌చార్జి, అంబులెన్సు టెక్నీషియన్, నేను. ఉన్న వస్తువులు: పొడవాటి బల్ల, దాని మీద ఒక పోర్టబుల్ వెంటిలేటరు, ఎనిమిది గ్లాసుల టీ, ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్లు రెండు, మేడమ్ ఫోను. ఫోను బోర్లా పెట్టి ఉంది. తలుపుకు లోపలి గడియ వేసి ఉంది. సూపరింటెండెంట్ లేరు.

ఈ జాబితాలో నాకు ధైర్యం ఇచ్చేది ఒక్కటీ కనిపించలేదు. బోర్లా పెట్టిన ఫోను రికార్డు చేస్తూ ఉండొచ్చు. గడియ ఎందుకు? టీ ఎవరు తెప్పించారు? మా ఆసుపత్రిలో కింది ఉద్యోగిని కూర్చోబెట్టి టీ ఇచ్చారంటే, కాసేపటికి ఏదో ఒక కాగితం మీద సంతకం అడిగేవాళ్లు.

నేను బయోమెడికల్ ఇంజినీరును. నంద్యాలలో ఒక బోధనాసుపత్రిలో యంత్రాలు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి పోతాను. కోవిడ్ రెండో విడతలో చేరాను. ఆ రోజుల్లో మాకు నాయకత్వం అంటే ఒక వాట్సాప్ గ్రూపు. పై నుంచి ‘అన్నీ రెడీనా?’ అని వచ్చేది. కింది నుంచి ‘రెడీ సార్’ అని వెళ్లాలి. ‘ఏడో బెడ్డు యంత్రం మధ్యమధ్య ఆగుతోంది సార్’ అని రాసినవాడికి మెమో వచ్చింది. ఇంకొకడికీ వచ్చింది. మూడోవాడు రాయలేదు. కోవిడ్ తగ్గాక కూడా మేము రెడీ సార్ అంటూనే ఉన్నాం.

పీజీ సీట్లు కావాలంటే ఎమర్జెన్సీ విభాగం విడిగా ఉండాలని కాలేజీ వాళ్లు పెద్ద ఊరి నుంచి మేడమ్‌ను తీసుకొచ్చారు. వచ్చిన నెలకే ఆమె బుధవారం మీటింగు మొదలుపెట్టింది. ఆ వారం క్యాజువాలిటీలో ఏది తప్పిందో చెప్పాలి. చెప్పినవాళ్లకు శిక్ష ఉండదు. ఇది విని నర్సు ఇన్‌చార్జి నాతో అంది: “తలుపేసుకొని తప్పులు చెప్పమంటాంది. మా పాస్టరు గారు గూడా ఇంత అడగడు సామీ. నువ్వు పోతే నోట్లో బిస్కెట్టు పెట్టుకో, మాట రాకుండా ఉంటాది.”

ఆ వారం తప్పింది ఇది. పాము కరిచిన ఒక రైతును తీసుకురావడానికి మా అంబులెన్సు ఆళ్లగడ్డకు వెళ్లింది. అతనికి ఊపిరి ఆడటం లేదు. గొంతులో గొట్టం వేసి, మా పోర్టబుల్ వెంటిలేటరుకు తగిలించి బయల్దేరారు. శిరివెళ్ల దాటాక యంత్రం ఆగిపోయింది. అక్కడి నుంచి నంద్యాల దాకా టెక్నీషియన్ రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. రైతు బతికాడు. టెక్నీషియన్‌కు మాత్రం మెమో వచ్చింది: యంత్రానికి చార్జింగు పెట్టలేదని. జవాబు నచ్చకపోతే ఉద్యోగం తీసేస్తారు.

ఆయనదీ ఆళ్లగడ్డే. నాకంటే పదేళ్లు పెద్ద. తండ్రికి బజారులో గాజుల అంగడి. మరుసటి పొద్దున బస్సులో నా పక్కనే కూర్చుని మెమో చూపించాడు.

“చార్జింగు పెట్టింటివా అన్నా?”

“రాత్రి నుంచి పెట్టే ఉండె. పచ్చ లైటు ఎలుగుతానే ఉండె. పైన నీ పచ్చ స్టిక్కరు గూడా ఉండె కదప్పా. ఇంగేం చూడల్ల నేను?”

“ఏం రాస్తావు మెమోకి?”

“అదే రాస్తా. ఆ మేడమ్ తావ బుధవారం గూడా చెప్పల్లంట. ఏం చెప్తే యాడ పట్టుకుంటాదో. నీకేమన్నా తెలిస్తే చెప్పు, సదువుకున్నోడివి.”

నాకు తెలుసు. ఆ స్టిక్కరు ఎలా అంటించానో నాకు ఒక్కడికే తెలుసు.

ఆయుధ పూజ నాడు మా ఆసుపత్రి యంత్రాలన్నీ హాల్లోకి వస్తాయి. తుడిచి, బొట్లు పెట్టి, వరుసగా ప్లగ్గుల్లో పెట్టి ఆన్ చేస్తాం. యంత్రాలన్నీ ఒకేచోట వెలుగుతూ కనిపించేది ఏడాదికి ఆ ఒక్క రోజే కాబట్టి, తనిఖీ కూడా అప్పుడే కానిచ్చేయడం మా విభాగం పద్ధతి. నాకు ముందు పనిచేసినాయన నేర్పి వెళ్లాడు: పూజకు ముందు చెక్‌లిస్టు, గుమ్మడికాయ కొట్టాక ‘తనిఖీ అయింది’ అనే పచ్చ స్టిక్కర్లు. పద్నాలుగు పోర్టబుల్ వెంటిలేటర్లకు అరగంట పట్టేది. నిజానికి చేయాల్సిన పరీక్ష వేరు. ప్లగ్గు పీకి, ఊపిరితిత్తుల బదులు రబ్బరు తిత్తి తగిలించి, బ్యాటరీ మీద గంటసేపు నడపాలి. పచ్చ లైటు వెలిగితే కరెంటు అందుతోందని అర్థం. బ్యాటరీలో ఎంత సత్తువ ఉందో దానికి తెలియదు. చెక్‌లిస్టులో పన్నెండో గడి ఆ పరీక్షదే. ఆ గడిలో ప్రతి ఏడాదీ టిక్కు పెట్టింది నేను.

బుధవారం దాకా మూడు పొద్దులు ఆయన పక్కనే కూర్చుని ప్రయాణం చేశాను. ఏమీ చెప్పలేదు.

మీటింగులో మేడమ్ ముందుగా తన తప్పు చెప్పింది. కోవిడ్‌లో, పాత ఆసుపత్రిలో, చదవకుండా ఒక డ్యూటీ పట్టిక మీద సంతకం పెట్టిందట. అందులో ఒక నర్సుకు రెండు వారాల పాటు సెలవు లేదు. చివరికి ఆ నర్సు ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చింది. “మెమో ఆమెకు వెళ్లింది. నాకు రాలేదు,” అంది మేడమ్.

నేను పీజీల మొహాలు చూశాను. ఒకడు బిస్కెట్టు నములుతూనే ఉన్నాడు. అంటే ఇంతకు ముందు విన్నాడు. ప్రతి చోటా ముందు ఇదే చెబుతుందేమో, ఎదుటివాడి నోరు తెరిపించడానికి ఇదొక పనిముట్టేమో అనుకున్నాను.

తర్వాత టెక్నీషియన్ వంతు.

“ఎంతసేపు చేత్తో నొక్కారు?” అని మేడమ్ అడిగింది.

“గడియారం చూసే తీరికేడుంది మేడమ్. రెండు చేతులూ కొంకర్లు పోయినాయి. డ్రైవరు అడుగుతాండాడు, మనిషి ఉండాడా అని. నేనుండాను, ఆయన సంగతి దేవునికి తెల్సు అంటి.”

నర్సు ఇన్‌చార్జి నవ్వు ఆపుకోలేకపోయింది. మేడమ్ కూడా నవ్వింది. ఆ నవ్వును కూడా నేను నమ్మలేదు.

బిస్కెట్టు నమిలిన పీజీ సంచిలోంచి యంత్రాల రిజిస్టరు తీసి తెరిచాడు. “చార్జింగు పెట్టినట్టు ఎంట్రీ లేదు మేడమ్. యంత్రం తనిఖీ మాత్రం ఓకే ఉంది. పన్నెండు గడులూ టిక్కులే.”

టెక్నీషియన్ తల దించుకున్నాడు. “పెట్టినా మేడమ్. రాయలేదు. అంతే.”

ఇక ఆయన దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ గదిలో ఇంకొక మాట ఎవరి దగ్గరైనా మిగిలి ఉందంటే అది నా దగ్గరే.

“పన్నెండో గడి అబద్ధం మేడమ్,” అన్నాను. “బ్యాటరీ పరీక్ష చేయలేదు. ఏ యంత్రానికీ చేయలేదు.”

“ఎందుకు?”

“పద్నాలుగు యంత్రాలు, ఒక్కోదానికి గంట. ఉన్నది నేనొక్కణ్నే.”

“ఇది ఒక కారణం. ఇంకొకటి?”

ఇంకొకటి ఉందని ఆమెకెలా తెలిసింది? ఎవరు చెప్పి ఉంటారు? ఆ క్షణంలో కూడా ఇదే లెక్క వేసుకున్నాను. తర్వాత చెప్పాను. “చేస్తే కొన్ని ఫెయిలవుతాయని తెలుసు. ఫెయిలైందని రాస్తే మెమో నాకే వస్తుంది.”

టెక్నీషియన్ నా వైపు తిరిగాడు. “మూడు దినాలు పక్కనే కూచుంటివి గదప్పా,” అన్నాడు. కోపంగా అని ఉంటే సులువుగా ఉండేది.

“రేపు ఎన్ని గంటలకు మొదలుపెడదాం?” అని మేడమ్ అడిగింది. ‘పెడదాం’లో ఆమె తనను కూడా కలుపుకుంది. దాని వెనక ఏముందో అని మరుసటి రోజు దాకా ఆలోచించాను. మరుసటి రోజు ఎనిమిది గంటలకు ఆమె హాల్లో ఉంది, చేతిలో రబ్బరు తిత్తితో.

శనివారం టెక్నీషియన్ మెమో రద్దయింది. మేడమ్ రాసిన నివేదిక కాపీ సంపాదించి మూడుసార్లు చదివాను, నా పేరు ఎక్కడ దాచిందోనని. లేదు. ‘తనిఖీ విధానంలో లోపం’ అని మాత్రమే ఉంది. ఆ నెలాఖరున నా కాంట్రాక్టును ఏడాదికి బదులు మూడు నెలలకే పొడిగించారు. ఇదీ శిక్షేననుకుని ఆఫీసుకెళ్లి ఆరా తీశాను. మా కాంట్రాక్టు ఉద్యోగుల జాబితాలో అందరికీ మూడు నెలలే ఇచ్చారు. ఇందులో ఆమె చెయ్యి ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. టెక్నీషియన్ బస్సులో డ్రైవరు వెనక సీటుకు మారాడు. స్టాపులో ఎదురైతే “ఏమప్పా” అంటాడు, అంతకు మించి మాట్లాడడు.

యంత్రాల పరీక్షకు రెండు రోజులు పట్టింది. పీజీలు వంతులవారీగా గడియారం పట్టుకుని కూర్చున్నారు. నేను ప్లగ్గులు పీకాను. ఆగిన నిమిషం ఆగినట్టుగా మేడమ్ పెన్నుతో రాసింది. పద్నాలుగింటిలో గంట నడిచినవి ఐదు.