గోనెపట్టా కట్టిన గాజుతొట్టి

నిన్న వరండాలో నీళ్ల కడవకు గోనెపట్టా చుట్టి తడుపుతుంటే, ఆ తడి వాసనకు నా చెయ్యి ఆగిపోయింది. ఆదోని ఎండల్లో చల్లటి నీళ్లు తాగాలంటే అంతకు మించిన యంత్రం లేదని మన ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు గానీ, మా ఇంట్లో ఒకప్పుడు ఆ పట్టా కట్టింది కడవకు కాదు, చేపల గాజుతొట్టికి.

మా ఇంటామెది గోనెగండ్ల దగ్గర, హంద్రి ఏటి ఒడ్డున పల్లె. పెండ్లయి ఆదోనికి వచ్చినాక ఆమెకు ఏటి మీద బెంగ పట్టుకుంది. చీరలతో తీరే బెంగ కాదని తెలిసి, ఒక వానాకాలం అక్కడి నుంచి ఇత్తడి బిందెలో కొన్ని పరిక చేపలు, ఇంత ఏటి ఇసుక తెచ్చాను. బస్సు కుదుపులకు సగం నీళ్లు నా పంచె మీదనే. పారే చల్లని నీటిలో పెరిగిన జీవాలు గాజుతొట్టిలో మా గది వేడికి పైకి తేలి నోళ్లు తెరిచేవి. ఆమె తొట్టికి గోనెపట్టా చుట్టి పూటపూటా తడిపేది, బ్లీచింగు మందు వాసన పోయేదాకా నిలవుంచిన కొళాయి నీళ్లను చెంబుతో ఎత్తి ధారగా పోసేది. బిందె నీళ్లకు జుట్లు పట్టుకునే ఊళ్లో చేపలకు ఈ సేవలేమిటని వీధంతా నవ్వింది. పిల్లలు లేని ఇల్లు మాది, ఆ తొట్టి పక్కనే మా కబుర్లన్నీ.

ఒక ఎండాకాలం ఆమె మంచం పట్టింది. పట్టా తడిపే పని నా చేతికి వచ్చింది. "హంద్రి పారినాక ఈట్ని ఆడనే ఇడిసిపెట్టి రాండి" అంది ఒకనాడు, తొట్టి వైపే చూస్తూ. సరేనన్నాను. వానలు రాకముందే ఆమె వెళ్లిపోయింది.

శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి ఇల్లంతా కడిగి ఉంది. గాజుతొట్టి గోడవార బోర్లించి ఉంది, గోనెపట్టా దండెం మీద ఆరుతోంది.

"చావింట్లో నిలవ నీళ్లు ఉండకూడదు కద నాయనా, అన్నీ పారబోసినాము" అంది హాలహర్వి నుంచి వచ్చిన మా పెద్దమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఆచారం తప్పకుండా చేసింది ఆమె. చేపల కోసం మోరీ కాలువ దగ్గరికి వెళ్లి చూశాను. ఎండకు అప్పటికే అంతా ఆరిపోయింది. పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది.

ఇప్పుడు నా కడవ తప్ప అందరిళ్లలోనూ డబ్బా నీళ్లే, ఎవరు పోయినా పారబోయడానికి నిలవ నీళ్లుండవు. ఆ ఏడు ఆలస్యంగానైనా హంద్రి బాగా పారింది. అదే ఇత్తడి బిందె పట్టుకొని ఒడ్డుదాకా పోయి, చాలాసేపు నిలబడి, ఖాళీ బిందెతోనే వచ్చాను. ఏరు వచ్చింది గానీ, ఆమెకిచ్చిన మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.